శుక్రవారం మేనత్త

మసాకా దారిలో, కాఫీ తోటల మధ్య ఉన్న ఆ హైస్కూల్లో ఆడపిల్లల మంచీచెడ్డా చూసే బాధ్యత టియోపిస్టా టీచరుది. అందుకోసం ఆవిడకో గది కూడా ఇచ్చారు. గది అని పేరే గాని, ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపు సరిగ్గా పడని బీరువా, అంతే. పోయినేడు గొరెట్టి అనే పిల్ల కడుపుతో చదువు మానేసిన దగ్గర్నుంచి టీచరుకి కంటినిండా నిద్ర లేదు. ఈ ఏడు ఒక్క పిల్ల కూడా అలా పోకూడదని పంతం పట్టింది. ఆ పంతంతోనే ఈ సాయంత్రం బడి వదిలాక కామ్యాని పిలిపించింది. వాడు ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకుని, ఇప్పుడు బోడా నడుపుతున్నాడు. మోటారు సైకిలు మీద జనాన్ని కిరాయికి చేరవేసే పని అది. టీచరు మంచి మనిషి, అందులో అనుమానం లేదు. ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వినే ఓపిక మాత్రం ఆవిడకి పుట్టుకతోనే తక్కువ.

“నిన్ను కూర్చోమన్నానా?”

“లేదు టీచరమ్మా. కాళ్లు నొప్పి.”

“పొద్దస్తమానం బండి మీద కూర్చునేవాడికి కాళ్ల నొప్పులేంట్రా? లే. సరిగ్గా నిలబడు. ఇందాక అడిగినదానికి జవాబు చెప్పు.”

“చెప్పాను కదా.”

“మళ్లీ చెప్పు.”

“చెల్లెలు.”

“ప్రొస్కోవియా నీకు చెల్లెలు.”

“ఆఁ.”

“ఏ వరసని?”

“వంశం వరస టీచరమ్మా. వాళ్లదీ పునుగు పిల్లి వంశం, మాదీ పునుగు పిల్లే. ఒకే వంశం అయితే అన్నాచెల్లెళ్లే కదా. వాళ్లమ్మకి కూడా చెప్పాను. ఆవిడే అంది, నాయనా, దారి బాగాలేదు, పొద్దునా సాయంత్రం కాస్త దిగబెట్టి పుణ్యం కట్టుకోమని.”

“కిరాయి తీసుకుంటున్నావా?”

“చెల్లెలి దగ్గర తీసుకుంటారా ఎవరైనా?”

“అంటే ఊరికే ఎక్కించుకుంటున్నావు.”

“చెల్లెలు కదా అని...”

“ఆ మాట ఇంకోసారి అన్నావంటే చెంప పగలగొడతా. శుక్రవారం శుక్రవారం ఆడపిల్లల్ని ఈ గదిలో కూర్చోబెట్టుకుని నేను గొంతు చించుకునేది దేని గురించో తెలుసా నీకు? ఊరికే బండెక్కించుకుంటానన్న వాణ్ని నమ్మొద్దని. ముందు ఒక రోజు ఎక్కించుకుంటాడు. తర్వాత తినడానికి మందాజీ బూరెలు కొనిపెడతాడు. ఆ తర్వాత ఫోన్లో బాలెన్సు వేయిస్తాడు. ఆ తర్వాత...”

“మందాజీ కొనిపెట్టాను.”

“ఏంటీ?”

“ఒక్కసారే. ఆకలేస్తోందంది.”

“చూశావా! చూశావా! నేను చెప్పిన వరసలోనే వస్తున్నావు. బాలెన్సు కూడా వేయించావా?”

“ఆ పిల్లకి ఫోనే లేదు టీచరమ్మా.”

“లేదు కాబట్టి బతికిపోయావు. ఉండు, నా ఫోన్ మోగుతోంది. కదలకు... హలో, ఆఁ, బళ్లోనే ఉన్నా. ఇంకా పనుంది, ఒక పిల్ల వ్యవహారం... తొందరేం లేదు, కాఫీ తూకం అయ్యాకే రా. కారు వెనక తలుపు బాగుచేయించావా?... ఇంకా లేదా! మొన్న కవలలిద్దరూ లోపలే ఉండిపోయి గుక్కపట్టి ఏడ్చారు, లోపల్నుంచి తెరుచుకోక. నేను బయట్నుంచి తీస్తే గాని... సరే, సరే. రా.”

“ఎవరు టీచరమ్మా, మీ ఆయనా?”

“ఆఁ, మా సాలోంగోయే. కవలల తండ్రయ్యాక అందరికీ అదే పిలుపు, ఆయన అసలు పేరు నాకే గుర్తులేదు, ఊరికేం గుర్తుంటుంది.”

“ఎప్పుడొస్తాడు?”

“ఎప్పుడొస్తే నీకెందుకు? భయమా? భయపడాల్సిందే. స్కూలు కమిటీలో ఉన్నాడు. ఒక్కమాట చెప్పాడంటే నీ బండి ఈ గేటు ఛాయలకి కూడా రాదు.”

“నిజమే. ఆయన ఒక్కమాట చెప్తే చాలు.”

“ఏంటా నవ్వు?”

“నవ్వలేదు టీచరమ్మా. ఆయన వచ్చేలోపు నేను వెళ్లిపోవచ్చా?”

“కుదరదు. పునుగు పిల్లి అన్నావుగా, అక్కడికే వద్దాం. మీ తాత పేరేంటి?”

“తాతా? నా చిన్నప్పుడే పోయాడు.”

“పోతూ పోతూ పేరు కూడా పట్టుకుపోయాడా?”

“వాస్వా.”

“తెలివి! కవలల్లో ముందు పుట్టిన మగపిల్లాడల్లా వాస్వాయే. ఏ వంశంలో వెతికినా దొరుకుతాడు. సరే, ఇది చెప్పు. మీ వంశం పెద్ద గుర్తు పునుగు పిల్లి. దానికి తోడుండే చిన్న గుర్తు ఏది?”

“చిన్న గుర్తా?”

“ప్రతి వంశానికీ పెద్ద గుర్తుకి తోడు ఒక చిన్న గుర్తు ఉంటుంది. పెళ్లిలో నిలబడి ఫలానావాణ్ని అని చెప్పుకునేటప్పుడు రెండూ చెప్పాలి. పసిపిల్లలు కూడా గడగడా చెప్తారు.”

“తెలుసు.”

“తెలిస్తే చెప్పు.”

“నాలుక చివర ఉంది.”

“దించు కిందకి.”

“ఎలుక.”

“ఎలుకా!”

“పిల్లి ఉన్నచోట ఎలుకే కదా టీచరమ్మా ఉంటుంది.”

“కప్పరా! కప్ప! మా అమ్మ పుట్టింది ఆ వంశంలోనే. వాకిలి ఊడుస్తుంటే కప్ప అడ్డమొస్తే చీపురు పక్కన పెట్టి, అది పోయిందాకా నిలబడేది. నువ్వు పునుగు పిల్లివీ కాదు, కప్పవీ కాదు. దొంగవి. ఏ వంశం నీది? నిజం చెప్పు.”

“కోతి.”

“అది మొహం చూస్తేనే తెలుస్తోంది.”

“నాకు తెలుసు మీరలా అంటారని. బళ్లో కూడా అందరూ అదే అనేవాళ్లు. అందుకే ఎవరికీ చెప్పను.”

“మాట దాటెయ్యకు. కోతి వంశానికీ పునుగు పిల్లి వంశానికీ పెళ్లి కుదురుతుంది. అది నీకు తెలుసు. అన్నయ్యనని ఆ తల్లికి అబద్ధం చెప్పి, ఎదిగిన పిల్లని నడుం పట్టించుకుని ఊరంతా తిరుగుతున్నావు.”

“నడుం పట్టుకోదు. వెనక ఇనప కడ్డీ పట్టుకుంటుంది. మధ్యలో పుస్తకాల సంచీ పెడుతుంది. గుంటల్లో పడ్డప్పుడు ఆ సంచీ నా వీపుకి గుచ్చుకుంటుంది.”

“నీ మనసులో ఏమీ లేదా? నా కళ్లలోకి చూసి చెప్పు.”

“ఉండేది.”

“ఉండేదా!”

“అబద్ధం ఎందుకు టీచరమ్మా, ఉండేది. దాన్ని చూడ్డానికని ఈ గేటు ముందు కిరాయిలు వదులుకున్న రోజులున్నాయి. కానీ వాళ్లమ్మ ముందు చెల్లెలని నోటితో అన్నాక, అది నిజమై కూర్చుంది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూడాలన్నా సిగ్గేస్తుంది.”

“ఆహా. నన్ను నమ్మమంటావా దీన్ని?”

“మీరు నమ్మరు. నేనడిగానా నమ్మమని?”

“మరి అబద్ధం ఎందుకాడావు?”

“ఆ మాట ఆ పిల్లనే అడగండి.”

“దానికేం తెలుసు పాపం, పదిహేనేళ్ల పిల్ల.”

“ఆ పిల్లే చెప్పమంది.”

“ఏం చెప్పమంది?”

“వాళ్ల వంశం వాణ్నని చెప్పమంది. మా అమ్మ వేరేవాళ్ల బండెక్కనివ్వదు, అన్నయ్యవని చెప్పు, అంతకంటే ఇంకేం అడగదు అంది. రోడ్డు మీద, ఏడుస్తూ అంది.”

“అంటే ఇద్దరూ కలిసి కూడబలుక్కున్నారు. తల్లి కళ్లల్లో కారం కొట్టారు.”

“మీరనుకునేది కాదు.”

“నేననుకునేదే! గొరెట్టి విషయంలో కూడా అందరూ కాదు కాదన్నారు. ఆఖరికి ఏమైంది? ఇప్పుడు చంకలో బిడ్డ, చేతిలో గడ్డపార. క్లాసులో మొదటి బెంచీ పిల్ల అది.”

“గొరెట్టిని ఎక్కించుకున్నది నేను కాదు.”

“నువ్వన్నానా? మీ అడ్డాలోవాడే ఎవడో.”

“మా అడ్డావాడని ఎవరన్నారు?”

“ఊరంతా అన్నారు.”

“గొరెట్టి అందా?”

“అది నోరు విప్పితేనా! వాళ్ల నాన్న బెత్తం విరిగిందాకా కొట్టినా విప్పలేదు.”

“మరి దాని నోట రాని మాట ఊరి నోట ఎలా వచ్చింది టీచరమ్మా?”

“సాలోంగో చెప్పాడు. కమిటీలో వాకబు చేసింది ఆయనే. బోడా వాళ్లని గేటు దగ్గర నిలబడనివ్వకూడదని తీర్మానం పెట్టిందీ ఆయనే. నాకంటే ఎక్కువ బాధపడ్డాడు ఆ పిల్ల గురించి. మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.”

“తినలేదా.”

“ఏంట్రా ఆ మాట తీరు?”

“ఏం లేదు. నేను వెళ్తా టీచరమ్మా. వాన వచ్చేలా ఉంది.”

“నిలబడు. నీలాంటివాళ్లకి అర్థం కాదు నేను పడే పాట్లు. ఒకప్పుడు ప్రతి ఇంట్లో మేనత్త ఉండేది. పిల్ల ఎదిగిందంటే ఏ మాటకి తల తిప్పుకోవాలి, ఏ మగాడి నీడ తప్పుకోవాలి అన్నీ మేనత్తే చెప్పేది. తల్లి నోటా తండ్రి నోటా ఆ మాటలు రావు, రాకూడదు కూడా. ఇప్పుడు ఆ మేనత్తలంతా కంపాలాలో కొట్లు పెట్టుకు కూర్చున్నారు. మరి ఈ పిల్లలకి చెప్పేదెవరు? అందుకే మొదటి రోజే చెప్పాను. ఇంటి దగ్గర మీకెవరున్నా లేకపోయినా, బళ్లో మీ అందరికీ మేనత్తని నేనే అని. శుక్రవారం మేనత్త అని పేరు కూడా పెట్టుకున్నారు నాకు.”

“అందుకేగా సాలోంగో వాళ్లని చిన్న పెళ్లాలంటాడు.”

“ఏమన్నావు?”

“నేనన్నది కాదు. ఆయనంటాడు.”

“అంటాడు. అంటే ఏమైంది? మేనత్త మొగుడు మేనకోడళ్లని చిన్న పెళ్లామా అని పిలవడం తాతల నాటి సరసం. మా మేనత్త మొగుడు నన్నూ అలాగే ఏడిపించేవాడు. తల్లిదండ్రుల రోజున మైకు పట్టుకుని అన్నాడు, బడంతా పడీపడీ నవ్వింది. హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు నవ్వలేక. నేను ఒప్పుకున్నాను ఆ సరసానికి. లేచి నిలబడి మరీ అన్నాను, నా మేనకోడళ్లందరూ నా సవతులే అని. నాకు లేని నొప్పి నీకెందుకు?”

“ప్రొస్కోవియా నవ్విందా ఆ రోజు?”

“దానికి నవ్వు ఎప్పుడొచ్చిందని? మొహం మాడ్చుకు కూర్చుంది. వయసు పొగరు. మాట మార్చకు అన్నానా!”

“మార్చట్లేదు టీచరమ్మా. ఉన్న మాట దగ్గరికే వద్దామని చూస్తున్నా. మీరే రానివ్వట్లేదు.”

“ఏంటా ఉన్న మాట?”

“ఆ పిల్ల చెప్పొద్దంది.”

“పిల్ల చెప్పమంటే చెప్తావు, చెప్పొద్దంటే మానేస్తావు. బాగుంది. తలుపు దగ్గర ఎవరది? ప్రొస్కోవియా! నువ్వేనా? ఎంతసేపట్నుంచి నిలబడ్డావక్కడ?”

“ఇప్పుడే వచ్చాను టీచర్. మీరు పిలిచారని చెప్పారు.”

“లోపలికి రా. లేచి నిలబడమ్మా, మోకాళ్ల మీద దండం పెట్టింది చాలు, నేలంతా దుమ్ము. ఇలా నా పక్కకి రా. వాడి వైపు చూడకు, నా వైపు చూడు. ఎండిపోయావేంటి? తింటున్నావా?”

“తింటున్నాను టీచర్.”

“శుక్రవారాలు ఎందుకు ఎగ్గొడుతున్నావు?”

“పనుంటుంది టీచర్.”

“ఏం పని?”

“ఇంట్లో. అరటికాయలు చెక్కు తీయాలి.”

“శుక్రవారమే తీస్తారా మీ ఇంట్లో చెక్కు? మిగతా రోజులు తొక్కతోనే ఉడకేసుకుంటారా?”

“కాదు టీచర్.”

“మరి? ముందు బెంచీలో కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేసేదానివి. ఒక్కసారిగా మానేశావు. నాకు తెలియదనుకున్నావా? తప్పు చేసే పిల్లకే నా మొహం చూడ్డానికి భయం. గొరెట్టి కూడా ముందు మానేసింది శుక్రవారాలే.”

“నేను తప్పు చేయలేదు టీచర్.”

“వీణ్ని మీ వంశం వాడని చెప్పమన్నది నువ్వేనా?”

“ఆఁ.”

“మీ అమ్మతో అబద్ధమాడించావు.”

“ఆఁ టీచర్.”

“ఎందుకే తల్లీ?”

“నడవలేక.”

“నడవలేకా? ఇంతకు ముందు నడిచేదానివి కాదా? పాటలు పాడుకుంటూ వచ్చేదానివి, నేను కారులోంచి చూసేదాన్ని.”

“ఇప్పుడు నడవలేను టీచర్.”

“ఆ మోచెయ్యి ఏంటి? స్వెట్టరు పైకి లాగు. అయ్యో, ఎంత లోతుగా గీసుకుంది! వీడు పడేశాడా బండి మీంచి?”

“లేదు టీచర్.”

“నేను పడేయలేదు టీచరమ్మా. నాకు కనపడేసరికే అలా ఉంది. ఇటికబట్టీ మలుపు దగ్గర దుమ్ములో కూర్చుని...”

“కామ్యా, చెప్పొద్దన్నాను.”

“ఏం చెప్పొద్దు? ఏం దాస్తున్నారు మీరిద్దరూ? ప్రొస్కోవియా, ఇటు చూడు. నేను శుక్రవారం అడిగినట్టే అడుగుతున్నా, శుక్రవారం చెప్పినట్టే చెప్పు. నెల తప్పావా?”

“లేదు.”

“నిజంగా?”

“లేదు టీచర్. ఏమీ కాలేదు. కానివ్వలేదు.”

“దేవుడి దయ. నా గుండెల మీంచి బండ దిగింది. మరెందుకు ఏడుస్తున్నావు? ఏం కాకపోతే ఎందుకీ ఏడుపు?”

“మీరు మా అమ్మకి చెప్తారా టీచర్?”

“చెప్పక? ఈ సాయంత్రమే వెళ్లి చెప్తా. పునుగు పిల్లి కాదు కోతి అని చెప్తా.”

“వద్దు టీచర్! మా అమ్మ బడి మాన్పిస్తుంది. అక్కకీ అలాగే చేసింది. ఎవరో ఏదో అన్నారని కంపాలాలో ఒక ఇంట్లో పనికి పెట్టింది. అక్క మళ్లీ రాలేదు. వచ్చే ఏడు నాకు పెద్ద పరీక్ష. నేను నర్సు కావాలి. మీరే అన్నారు నేను అవుతానని.”

“అన్నాను.”

“మా అమ్మకి చెప్పొద్దు టీచర్. కాళ్లు పట్టుకుంటా.”

“లే, లే, మళ్లీ మోకాళ్ల మీద పడకు. సరే విను. చెప్పను. నీ చదువు పోగొట్టి నేనేం బావుకుంటాను? కానీ ఒక షరతు. వీడి బండి ఈ రోజుతో సరి.”

“మరి ఎలా రావాలి?”

“అంటున్నా కదా, విను.”

“టీచరమ్మా, ఇంకో పది రోజులు నన్ను తిప్పనివ్వండి. కావాలంటే మీ ముందే ఎక్కించుకుంటా, మీ ముందే దించుతా. వాళ్ల వీధిలోవాళ్లని నలుగుర్ని కలిపి ఎక్కించుకుంటా.”

“నీ బండి మీద నలుగుర్ని ఎక్కిస్తే నలుగుర్నీ చంపుతావు. నువ్వు నోరు మూసుకుని నిలబడు. నేను పొద్దున్న ఆలోచించే పెట్టుకున్నా. ప్రొస్కోవియా, మీ ఇల్లు మేం వచ్చే దారిలోనే. రేపట్నుంచి పొద్దున మా కారులో నిన్ను ఎక్కించుకుంటాం. సాయంత్రం నాకు ఆలస్యమైతే సాలోంగోయే నిన్ను ముందు మీ ఇంటి దగ్గర దించేసి మళ్లీ నా కోసం వస్తాడు. కిరాయి లేదు, పాడూ లేదు. మీ అమ్మకి నేనే చెప్తా, సంతోషిస్తుంది. ఇంకేం కావాలి?”

“టీచరమ్మా, వద్దు.”

“నిన్నడిగానా?”

“అడగలేదు. అయినా వద్దు.”

“చూశావా వీడి కడుపుమంట! పిల్ల చెయ్యి జారిపోతోందని. ఏం ప్రొస్కోవియా, సరేనా?”

“నడుస్తాను టీచర్.”

“ఇప్పుడేగా నడవలేనన్నావు?”

“నడుస్తాను. తెల్లారకముందే బయల్దేరతాను. తోటల్లోంచి అడ్డదారిన వస్తాను.”

“చీకట్లో తోటల్లోంచా? మతి ఉందా? ఆ తోటల్లో ఏముంటాయో తెలుసా?”

“తోటల్లో కార్లు రావు టీచర్.”

“ఏంటా తిక్క మాటలు? అదిగో, హారన్ కొడుతున్నాడు. సాలోంగో వచ్చేశాడు. పద, ఇవాళే మొదలుపెడదాం. నేను బీరువా తాళం వేసి వస్తా, నువ్వెళ్లి ఎక్కి కూర్చో.”

“నడుస్తాను టీచర్.”

“వాన మొదలవుతోంది!”

“తడుస్తాను.”

“మొండిదానా! వెనక సీటంతా నీదే. ఒక్క కాఫీ బస్తా ఉంటుంది, అంతే. దాని పక్కన కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు హాయిగా.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“బస్తా ఉంటుందని. సీటు చిరిగిందని దాని మీద ఎర్ర దుప్పటి వేశారు. తలుపు లోపల్నుంచి తెరుచుకోదు.”

“అదా, ఇందాక నేను ఫోన్లో అన్నది విన్నావు.”

“ఫోన్లో దుప్పటి సంగతి అన్లేదు టీచర్.”

“మరి... ఏం, ఎప్పుడో ఎక్కి ఉంటావు. దారిలో కనపడితే జాలిపడి ఎక్కించుకుని ఉంటాడు. ఆయనది జాలి గుండె. నాతో అన్లేదంటే మర్చిపోయి ఉంటాడు. ఆఁ వస్తున్నా, వస్తున్నా! ఈయనొకడు, ఆగకుండా ఆ హారన్ ఏంటి. ఎప్పుడు ఎక్కావు?”

“మీ దగ్గరికి చివరిసారి వచ్చిన శుక్రవారం. మీరిక్కడ బీరువా సర్దుకుంటున్నారు. మేనత్తకి ఆలస్యమవుతుంది, నిన్ను దింపి వస్తా అన్నారు. ఇటికబట్టీ దగ్గర మా ఇంటి దారి వదిలేసి బట్టీ వెనక్కి తిప్పారు.”

“ఎందుకు తిప్పాడు? అటేం లేదుగా. అటు దారే లేదు.”

“బండి నెమ్మదయ్యింది. అద్దం దించుకుని దూకాను. మోచెయ్యి అప్పుడు గీసుకుంది.”

“కామ్యా... ఇది నిజమా? నువ్వు చూశావా?”

“దూకడం చూడలేదు టీచరమ్మా. నేను వెళ్లేసరికి దుమ్ములో కూర్చుని ఉంది. కారు వెనక లైట్లు చూశాను. ఎవరి కారో మీకు చెప్పాలా?”

“ఉండు. ఉండు, నన్ను ఆలోచించుకోనీ. ఏదో పొరపాటు జరిగింది. చిన్న పెళ్లామా అని సరసానికి ఏదో అని ఉంటాడు, నువ్వు చిన్నపిల్లవి, బెదిరిపోయి ఉంటావు. మొదట్నుంచీ నీకు ఆ సరసం నచ్చదు కదా. నచ్చదు కదా?”

“ఆయనతో అదే అన్నాను టీచర్, మా మేనత్తకి చెప్తానని. మీ మేనత్త ఎప్పుడో ఒప్పుకుందన్నారు. అబద్ధం అనుకునే దూకాను. ఇందాక తలుపు బయట నిలబడి విన్నాను. మీరు నిజంగానే ఒప్పుకున్నారు.”